ఓక్ చట్రం మీద అంగళ్లు: ష్రూస్‌బరీ, లడ్లో యాత్ర

గురువారం, ష్రూస్‌బరీ

ఇంగ్లండ్‌లో పాత కర్ర ఇళ్లు చూడాలంటే అందరూ యార్క్ వెళ్లమంటారు, లేకపోతే స్ట్రాట్‌ఫర్డ్. నన్నడిగితే ష్రూస్‌బరీ అంటాను. వేల్స్ సరిహద్దుకు దగ్గరలో, సెవర్న్ నది ఇంచుమించు పూర్తిగా మెలి తిరిగే చోట, గుట్ట మీద ఉన్న సంత ఊరు ఇది. వారసత్వ కట్టడాల జాబితాకెక్కినవే 600కు పైగా ఉన్నాయి. వాటిలో నేను ముఖ్యంగా చూడాలనుకున్నది ఒక్కటే, 1450ల చివర్లో కట్టిన ఓ అంగళ్ల వరస. కోటలూ చర్చిలూ రాతివి కాబట్టి నిలుస్తాయి. ఐదున్నర శతాబ్దాల కిందటి దుకాణం, అదీ కర్రతో కట్టింది, కింది అంతస్తులో అమ్మకానికి వాడిన కిటికీలతో సహా మిగలడం మాత్రం చాలా అరుదు.

ఈసారి మావయ్య తోడొచ్చారు. రాజమండ్రిలో ఆయనకు టింబర్ డిపో ఉండేది. ఇప్పుడు కూతురి దగ్గరకు బర్మింగ్‌హామ్ వచ్చి ఉన్నారు. "కర్ర ఇళ్లు చూపిస్తానంటే ఎందుకు రానమ్మా" అంటూ ఉదయమే మఫ్లర్ చుట్టుకుని తయారైపోయారు. బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో గంట ప్రయాణం.

సామాను గదిలో పడేసి వైల్ కాప్ వైపు నడిచాం. ఇంగ్లిష్ బ్రిడ్జి దగ్గర మొదలై, వంకర తిరుగుతూ ఊళ్లోకి ఎక్కే వీధి ఇది. తర్వాత ఏడో హెన్రీగా ఇంగ్లండ్ రాజైన హెన్రీ ట్యూడర్ 1485లో బాస్‌వర్త్ యుద్ధానికి వెళ్తూ బస చేశాడని చెప్పే ఇల్లు ఈ వీధిలోనే ఉంది. నల్లటి దూలాలు, మధ్యలో తెల్లటి సున్నం, రోడ్డు మీదికి వంగిన పై అంతస్తులు చూస్తే ఎవరికైనా ఫొటో తీయాలనిపిస్తుంది. మావయ్య ఫోను జోలికి పోలేదు. ఓ గుమ్మం పక్క స్తంభాన్ని అరచేత్తో నిమిరి, గోటితో గీకి, "రంగేసి పాడు చేశారు కదమ్మా, ఇది ఓక్ రంగు కాదు" అన్నారు.

ఆయన మాట నిజమే. ఓక్‌ను దాని మానాన వదిలేస్తే ఎండకూ వానకూ వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. మధ్యయుగంలో చాలా ఇళ్లకు కర్ర మీదా మట్టి గోడ మీదా కలిపే సున్నం వేసేవారు, ఒక్కోసారి అందులో పసుపు మట్టో ఎర్ర మట్టో కలిపేవారు. తారు నలుపు, పాల తెలుపు జోడీ చాలావరకు 19వ శతాబ్దపు అభిరుచి. ఆ నలుపు మనకు బాగా అలవాటైపోయింది. అసలు రంగుతో ఉన్న ఇల్లు కనబడితే అదే కొత్తగా అనిపిస్తుంది.

సాయంత్రం వాన పట్టుకుంది. త్వరగా తిని పడుకున్నాం.

శుక్రవారం, బచర్ రో

పొద్దున్నే వాన వెలిసింది. దుకాణాలు తెరవకముందే బచర్ రోకి వెళ్లాం. ఒకప్పుడు మాంసం అంగళ్ల వీధి. సన్నటి రోడ్డు, ఒక మూల మీద మూడంతస్తుల అబట్స్ హౌస్. నేను చూడాలనుకున్న అంగళ్ల వరస ఇదే. లిల్లెషాల్ మఠాధిపతి పేరు మీదుగా వచ్చిన పేరిది. లిల్లెషాల్ ఇక్కడికి తూర్పున ఉన్న అగస్టీనియన్ మఠం. మఠానికి ఊళ్లో సొంత కట్టడం ఉండడం, కింద అంగళ్లు అద్దెకిచ్చుకోవడం అప్పట్లో మామూలే. సన్యాసులకైనా అద్దె రావాలి కదా.

వీధిలోకి తెరుచుకునే కింది కిటికీలే ఈ కట్టడానికి ప్రాణం. వెడల్పాటి ద్వారాలు, పైన కమానులా వంపు చెక్కిన కర్ర, కింద నడుము ఎత్తున మందపాటి గట్టు. అప్పట్లో వీటికి అద్దాల్లేవు. రెండు చెక్క రెక్కలుండేవి. కింది రెక్కను వీధిలోకి వాల్చి కాళ్ల మీద నిలబెడితే బల్ల అయ్యేది, పై రెక్కను ఎత్తి కడితే నీడయ్యేది. కొనేవాడు వీధిలో నిలబడే కొనేవాడు, లోపలికి వెళ్లే పని లేదు. లోపలంతా పని గది, సరుకు గది. మాంసమైనా గుడ్డయినా రొట్టయినా పట్టపగటి వెలుతురులో, నలుగురి కళ్ల ముందు చేతులు మారేది. తూకంలో మోసం, పాచిపోయిన సరుకు ఊరి పెద్దల కంట పడడానికీ అదే వీలు.

మావయ్య ఆ గట్టు మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డారు. "మన మెయిన్ రోడ్డులో పాత కిరాణా కొట్లకు పలకల తలుపులు గుర్తున్నాయా అమ్మాయ్? పొద్దున్నే ఒక్కో పలకా గాడిలోంచి తీసి, నంబరు ప్రకారం గోడకు ఆనించేవారు. మొత్తం తీశాక కొట్టుకు ముందు గోడే ఉండదు" అన్నారు. నాకు గుర్తున్నాయి. పగలు గోడ లేకుండా పోయి, రాత్రికి మళ్లీ గోడ అయ్యే కొట్లవి.

ముందు గోడ లేకపోయినా ఇల్లు ఎలా నిలుస్తుంది? కర్ర చట్రం కిటుకంతా ఇక్కడే ఉంది. రాయైనా ఇటుకైనా గోడే బరువు మోస్తుంది, కాబట్టి గోడకు పెద్ద కన్నం పెట్టాలంటే భయం. చట్రంలో బరువంతా నిలువు స్తంభాల్లోకి, అడ్డ దూలాల్లోకి దిగిపోతుంది. మధ్యలో ఉన్నది తడిక మాత్రమే. ఓక్ పుల్లలు నిలువుగా గుచ్చి, హేజెల్ అనే చిన్న చెట్టు బద్దలు అడ్డంగా అల్లి, బంకమట్టి, పేడ, గడ్డి కలిపి రెండు వైపులా మెత్తి, పైన సున్నం పూస్తారు. ఆ తడికను మొత్తం తీసేసినా ఇల్లు కదలదు. అందుకే కింది అంతస్తును వీధికి తెరిచేయడానికి వీలైంది. ఇది వర్తకుడికి పనికొచ్చే నిర్మాణం. ఈ ఇళ్లను 'ముద్దుగా ఉన్నాయి' అని వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అవి వ్యాపారం కోసం బుద్ధి పెట్టి కట్టినవి.

పైకి చూస్తే ఒక్కో అంతస్తూ కింది దానికన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దీన్ని జెట్టీ అంటారు. నేల దూలాలను కింది గోడ దాటి అడుగున్నర, రెండడుగులు బయటికి వదిలి, వాటి చివర్ల మీద పై అంతస్తు గోడను నిలబెడతారు. స్థలం కలిసొస్తుందన్నది నిజమే, ఊరి మధ్యలో ప్రతి అడుగుకూ విలువుంటుంది. అంతకు మించిన లాభం ఇంకోటి ఉంది. పై గోడ బరువు దూలం బయటి చివరను కిందికి నొక్కుతుంటే గది మధ్యలో దూలం కుంగడం తగ్గుతుంది. కింద అమ్మకపు బల్ల మీదా, కొనేవాడి నెత్తి మీదా వాన పడదు. ఇల్లు కట్టడంలో ఇంత ముందుచూపు ఉన్న మనుషులు 'ఆ రోజుల్లో ఏదో అలా కట్టారు' అన్న మాటకు తగినవాళ్లు కారు.

వీధి మూల దగ్గర చిక్కు వస్తుంది. దూలాలు ఒకే వైపు పరుస్తారు, కాబట్టి జెట్టీ కూడా ఒక వైపే వస్తుంది. రెండు వీధుల మీదికీ రావాలంటే? మూల నుంచి గది లోపలికి ఐమూలగా ఒక లావుపాటి దూలం వేసి, దానికి రెండు పక్కలా చిన్న దూలాలు చెరో దిక్కుకు తగిలిస్తారు. దీన్ని డ్రాగన్ బీమ్ అంటారు. ఆ దూలం చివర మొత్తం ఒక్క మూల స్తంభం మీదే పడుతుంది. అంత బరువు మోయడానికి పైన లావుగా ఉన్న స్తంభం కావాలి. అందుకని చెట్టును తలకిందులు చేసేవారు. వేళ్ల దగ్గర మొదలు సహజంగానే విచ్చుకుని ఉంటుంది కదా, ఆ మొదలు పైకి పెడితే దూలాన్ని పట్టే దన్ను అందులోనే దొరికేస్తుంది.

ఇది చెప్పగానే మావయ్య కళ్లు మెరిశాయి. "అతుకు పెట్టకుండా! మొదలు పైకి!" అంటూ మూల స్తంభం చుట్టూ తిరిగి, రోడ్డుకు అటు వైపు వెళ్లి చూసి, మళ్లీ దగ్గరికొచ్చారు. పక్క కొట్టు తెరుస్తున్న ఆవిడ ఆయన్ని చూసి నవ్వి గుడ్ మార్నింగ్ చెప్పింది.

కర్ర గురించి ఆయనకు ఓ పెద్ద సందేహం ఉండిపోయింది. "టేకు పచ్చిదైతే మేం ముట్టుకోం. ఎండాలి, లేకపోతే మెలి తిరుగుద్ది. వీళ్లు ఎన్నేళ్లు ఎండబెట్టారంటావు?" అసలు ఎండబెట్టలేదు. ఓక్ ఎండితే ఉలికి లొంగనంత గట్టిపడుతుంది, అంత లావు దుంగ లోపలిదాకా ఎండాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అందుకని కొట్టిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో పచ్చి మీదే పని కానిచ్చేవారు. ఒక దుంగ చివరను సన్నగా చెక్కి, ఇంకో దుంగలో తొలిచిన గాడిలోకి దింపి, రెండింటినీ కలిపి ఓక్ చీల కొడతారు. చీల మాత్రం ఎండుది. రెండు దుంగల్లోని బెజ్జాలు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, కావాలనే కొంచెం పక్కకు తొలుస్తారు. చీల దిగుతున్నకొద్దీ అతుకు దగ్గరికి లాక్కుంటుంది. తర్వాత చట్రం అక్కడే, కట్టిన ఇంట్లోనే ఎండుతుంది. కర్ర వంగేది వంగుతుంది, మెలి తిరిగేది తిరుగుతుంది, అతుకులు మాత్రం ఇంకా బిగుస్తాయి. వంకర ఇళ్ల వంకరంతా ఇలా వచ్చిందే. ఇనుప మేకులు వాడకపోవడానికీ కారణం ఉంది. ఓక్‌లో ఉన్న టానిన్ అనే వగరు పదార్థం ఇనుమును తినేస్తుంది, కర్ర కూడా నల్లబడుతుంది.

పచ్చి కర్రతో కట్టడం వల్ల ఈ కాలం చరిత్రకారులకు ఓ మేలు జరిగింది. చెట్టు వలయాల వెడల్పు ఏడాదికో తీరున ఉంటుంది. ఆ వరసను తెలిసిన వరసలతో పోల్చి, బెరడు అంచు దాకా ఉన్న దుంగ దొరికితే చెట్టు కొట్టిన ఏడాది చెప్పేయొచ్చు. కొట్టిన వెంటనే వాడేవారు కాబట్టి, ఇల్లు కట్టిన ఏడాదీ దాదాపు అదే. అబట్స్ హౌస్ వయసు 1450ల చివరిదని అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నది ఇందువల్లే.

పక్క సందులో ఒక చట్రం కర్రల మీద ఉలితో గీసిన గుర్తులు కనిపించాయి. రోమన్ అంకెలు. వడ్రంగి పనంతా స్థలంలో జరిగేది కాదు. తన పెరట్లో చట్రాన్ని నేల మీద పరిచి, అతుకులు సరిచూసుకుని, ఏ కర్ర ఎక్కడ కలవాలో అంకె వేసి, విప్పేసి, బండ్ల మీద తెచ్చి ఇక్కడ నిలబెట్టేవాడు. నాలుగుకు నాలుగు నిలువు గీతలే గీసేవాళ్లు. కర్ర తిరగబడితే తికమక పడకుండా ఇదే సులువు. మావయ్య వేలితో ఆ గీతలన్నీ తడిమి, "డిపోలో మేమూ దుంగల మీద ఇలాగే కొట్టేవాళ్లం, సుత్తి అచ్చుతో" అన్నారు.

అక్కడి నుంచి ఫిష్ స్ట్రీట్, బేర్ స్టెప్స్. బేర్ స్టెప్స్ మధ్యయుగపు హాలు, దాన్ని ఆనుకుని చిన్న చిన్న అంగళ్లు. పాడుబడిపోతున్న దీన్ని ఊరి సివిక్ సొసైటీ పూనుకుని బాగుచేయించింది. లోపలికెళ్లి కప్పు చూడండి, వాసాలన్నీ పైకి కనిపిస్తాయి. గ్రోప్ లేన్‌లో పై అంతస్తులు ఒకదానికొకటి దాదాపు తగులుతాయి, మధ్యలో ఆకాశం సన్నటి చార. ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నడక ఇది.

హై స్ట్రీట్‌కు వచ్చేసరికి ఇళ్ల తీరు మారిపోతుంది. 1575 ప్రాంతంలో రాబర్ట్ ఐర్లండ్ అనే ఉన్ని వర్తకుడు కట్టించిన ఐర్లండ్స్ మాన్షన్, ఎదురుగా 1592 నాటి ఓవెన్స్ మాన్షన్. ఇక్కడి కర్రలో సగం బరువు మొయ్యడానికి, సగం చూపించుకోవడానికి. పురి తిప్పిన సన్న స్తంభాలు, ద్రాక్ష తీగల చెక్కడం, నాలుగు రేకుల పువ్వు ఆకారంలో తొలిచిన గళ్లు ఈ ఊరి వడ్రంగుల చేతివాటం. డబ్బంతా వేల్స్ నుంచి వచ్చే ముతక ఉన్ని గుడ్డది. ష్రూస్‌బరీ డ్రేపర్లు, అంటే గుడ్డల వర్తకులు, ఆ గుడ్డను కొని, ఇక్కడి పనివాళ్ల చేత నూగు కత్తిరించి నున్న చేయించి లండన్‌కు పంపేవారు. 1462లో నాలుగో ఎడ్వర్డ్ వాళ్ల సంఘానికి చార్టర్, అంటే రాజు ఇచ్చే అధికార పత్రం, ఇచ్చాడు. నిజం చెప్పాలంటే అబట్స్ హౌస్ చూశాక ఈ మాన్షన్ల మీద నాకు మనసు అంతగా నిలవలేదు. చెక్కడం గొప్పదే, కానీ అబట్స్ హౌస్‌లో కర్ర ఏ పని చేస్తోందో ముఖం మీదే కనిపిస్తుంది.

స్క్వేర్‌లో 1596 నాటి పాత మార్కెట్ హాలు రాతిది. కింద ధాన్యం సంత, పైన గుడ్డల బేరం. దాని ముందు రాబర్ట్ క్లైవ్ విగ్రహం. ఈ ఊరి ఎంపీ, ఓసారి మేయరు కూడా. విగ్రహం 1860లో పెట్టారు. 2020లో తీసేయాలని ఊళ్లో వేల మంది సంతకాలు పెట్టినా, కౌన్సిల్ ఉంచాలనే నిర్ణయించింది.

మావయ్యకు ఈ పేరు చెప్పాల్సిన పని లేదు. క్లైవ్ బెంగాల్ నుంచి పంపిన కల్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి వాళ్లను ఓడించాడు. మరుసటి ఏడాది మచిలీపట్నం పట్టుకున్నాడు. 1765లో క్లైవ్ మొగలు చక్రవర్తి నుంచి ఉత్తర సర్కారుల ఫర్మానా రాయించుకున్నాడు. అందులో రాజమండ్రి సర్కారు ఒకటి. "మన ఊరిని కాగితం మీద రాయించుకున్న మనిషి" అని విగ్రహం వంక చూసి, "ఎవర్నడిగి?" అన్నారు మావయ్య. నా దగ్గర జవాబు లేదు. ఆ ఫర్మానా వల్ల మా తాతలు ఎవరి పాలనలో బతికారో తెలుసు కాబట్టి, ఆ విగ్రహం ముందు ఇద్దరికీ మనసు బరువెక్కింది. వాన మళ్లీ మొదలైతే హాలు కమానుల కిందికి వెళ్లి కూర్చున్నాం.

శనివారం, లడ్లో

దక్షిణానికి రైల్లో అరగంట. చర్చ్ స్ట్రెటన్ దగ్గర లాంగ్ మిండ్ కొండలు కిటికీ నిండా ఉంటాయి, కుడి వైపు కూర్చోండి.

లడ్లోలో సంత కోట ముందు కాసిల్ స్క్వేర్‌లో. సోమ, బుధ, శుక్ర, శనివారాలు జరుగుతుంది. జున్ను, ఆపిల్ రసం, మొక్కలు, పాత పుస్తకాలు. సంతలో నిలబడి కోటకు వీపు పెట్టి తూర్పుకు చూస్తే, కొంతదూరం పోయాక వెడల్పాటి స్థలం ఉన్నట్టుండి సన్న సందులుగా చీలిపోతుంది. హార్ప్ లేన్, మార్కెట్ స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్. ఎందుకలా?

మొదట్లో కోట గుమ్మం నుంచి బుల్ రింగ్ అనే వీధి దాకా అంతా ఒకే వెడల్పాటి సంత వీధి. బల్లలు వేసుకుని అమ్మేవాళ్లు సాయంత్రానికి బల్ల ఎత్తేయాలి. కొన్నాళ్లకు బల్ల ఎత్తడం మానేశారు. తర్వాత పైన కప్పు వేశారు. ఆ తర్వాత నాలుగు స్తంభాలు, తడిక గోడలు, ఇంకొన్నాళ్లకు పైన పడుకోవడానికి ఓ గది. అలా వరసలు వరసలుగా బల్లలు కొట్లయి, కొట్లు ఇళ్లయి, నడిచే దారులు వీధులైపోయాయి. ఆ సందుల్లో నడుస్తుంటే చుట్టూ ఉన్న చిన్న చిన్న స్థలాలు ఒకప్పటి బల్లల కొలతలే. కొట్టు వెనక పెరడు లేదు, గాలి వెలుతురు లేదు, నాలుగు వైపులా వీధే. ఇలాంటి ఇరుకులో రాతి గోడలు కడితే లోపల మనిషికి చోటుండదు. సన్నటి కర్ర చట్రం కాబట్టే అంత చిన్న స్థలంలో కొట్టూ కాపురమూ రెండూ ఇమిడాయి.

కింగ్ స్ట్రీట్, బ్రాడ్ స్ట్రీట్ కలిసే మూల మీద బోడెన్‌హామ్స్ బట్టల షాపు ఉంది. కట్టడం వయసు 600 ఏళ్లు. ఈ పేరుతో షాపు 1860 నుంచి నడుస్తోంది, బ్రిటన్‌లో అతి పాత దుకాణాల్లో ఒకటని చెబుతారు. మ్యూజియంలో బట్టలు ముట్టుకోనివ్వరు, ఇక్కడ చొక్కాలు తొడిగి చూసుకోవచ్చు. లోపలికి అడుగు పెట్టగానే నేల ఎటు వాలిందో కాలికే తెలిసిపోతుంది. దూలాలు తలకు అందేంత ఎత్తులో ఉన్నాయి, మావయ్య వంగి నడిచారు. బట్టల రాకుల మధ్యనుంచి స్తంభం పైకి వెళ్తుంది. దాన్ని దాచిపెట్టలేదు, దానికి హ్యాంగర్లు తగిలించనూ లేదు. నేను అక్కడే ఓ ఉన్ని స్కార్ఫ్ కొన్నాను.

ఓ దూలం మీద పాత గాడి ఒకటి ఖాళీగా కనబడింది. ఒకప్పుడు అందులో ఏదో కర్ర దిగి ఉండాలి, ఎప్పుడో ఓ గోడ తీసేసినప్పుడు దాన్నీ తీసేశారు. చట్రం ఇళ్లు చదవడం ఇలాగే. ఖాళీ గాడులు, చీలల్లేని బెజ్జాలు చూస్తే ఎక్కడ గోడ ఉండేది, ఎక్కడ కిటికీ ఉండేది తెలుస్తుంది. అంగడి ముఖాన్ని మార్చుకుంటూ పోవడం కర్రతో ఎంత తేలికో కూడా అక్కడే తెలుస్తుంది. ఒక తరం బల్ల కిటికీ పెట్టుకుంటే, తర్వాతి తరం అద్దాలు బిగించుకుంది. చట్రానికి దెబ్బ తగలకుండానే.

ఎదురుగా ఉన్న బటర్‌క్రాస్ 1740ల నాటి రాతి కట్టడం. బ్రాడ్ స్ట్రీట్ దిగుతూ పోతే ఇటుక ముఖాల ఇళ్లు అందంగా వరస కట్టి ఉంటాయి, పెద్ద పెద్ద కిటికీలు, సరి కొలతలు. వాటిలో చాలా ఇళ్లకు ముఖం ఒక్కటే కొత్తది. 18వ శతాబ్దంలో కర్ర ఇల్లు పాత ఫ్యాషన్ అయిపోయింది, అందరికీ ఇటుక కావాల్సొచ్చింది. మొత్తం పడగొట్టే స్తోమత లేనివాళ్లు ముందు ఇటుక తొడిగి ఊరుకున్నారు. పక్క సందులోకి తిరిగి చూడండి, వెనక కర్ర కనబడుతుంది. కప్పు మరీ వాలుగా ఉన్నా అనుమానించొచ్చు.

మధ్యాహ్నం ఫెదర్స్ హోటల్ దగ్గర ఆగాం. 1619 నాటిది. మూడు గేబుళ్లు (వాలు కప్పు కింది ముక్కోణపు గోడలు), ఒక్క అంగుళం ఖాళీ వదలకుండా చెక్కడం. దీని ఫొటో ఇంగ్లండ్ క్యాలెండర్లలో తరచూ వస్తుంది. చాలామంది దీన్ని చూసి వెళ్లిపోతారు, బోడెన్‌హామ్స్ మూల వైపు తల తిప్పరు. అది మాత్రం నాకు నచ్చదు.

తిరిగొచ్చేటప్పుడు ఓ సందులో చిన్న రిపేరు పని జరుగుతోంది. అడిగితే వడ్రంగి ఓపిగ్గా చూపించాడు. స్తంభం అడుగు భాగం మాత్రం కుళ్లింది. ఎప్పుడో దాని చుట్టూ సిమెంటు పూశారట. సిమెంటు గాలాడనివ్వదు, పగుళ్లలోంచి వెళ్లిన నీళ్లు బయటికి రాక కర్రను లోపల్నుంచి తినేస్తాయి. సున్నమైతే తడి పీల్చుకుని వదిలేస్తుంది. కుళ్లినంత మేర కోసేసి, కొత్త ఓక్ ముక్కను మెట్లు మెట్లుగా చెక్కి పాతదానికి అతికి చీలలు కొడుతున్నాడు. కొత్త ముక్కకు నల్ల రంగు వేయలేదు. "కొత్తది కొత్తదిగానే కనపడాలి" అన్నాడు.

మావయ్య ఆ అతుకును వంగి చూసి, వేలు మొనతో గీత వెంట రాశారు. గీత వేలికి తగల్లేదు. ఆయనకు ఇంగ్లిష్ పెద్దగా రాదు, ఆ అబ్బాయికి తెలుగు రాదు. ఇద్దరూ పావుగంట సేపు ఉలి పట్టే తీరు గురించి చేతులతోనే మాట్లాడుకున్నారు. నేను మధ్యలో ఒక్క మాటకే అవసరపడ్డాను: టేకును వాళ్లు ఏమంటారో చెప్పడానికి.

ఆదివారం, మళ్లీ ష్రూస్‌బరీ

ఊరికి ఉత్తరాన డితరింగ్టన్‌లో ఫ్లాక్స్‌మిల్ ఉంది, ఊరి మధ్య నుంచి అరగంట నడక. కర్ర అంగళ్లు చూడ్డానికి వచ్చి మిల్లుకెందుకని మావయ్య అడిగారు. లోపలికెళ్లాక మళ్లీ అడగలేదు.

1797లో అవిసె నార వడకడానికి కట్టిన ఐదంతస్తుల మిల్లు. చార్లెస్ బేజ్ డిజైన్. ప్రపంచంలో పోత ఇనుప స్తంభాలూ దూలాలతో చట్రం కట్టిన మొదటి భవనం ఇదే, అందుకే ఆకాశహర్మ్యాలన్నిటికీ తాత అంటారు. అంతకు ముందు మిల్లుల్లో దూలాలు, నేలలు కర్రవి. నూనె దీపాలు, నార దుమ్ము, నిప్పురవ్వ పడితే అంతా బూడిదే. ఈ మిల్లు కట్టించిన భాగస్థులకే లీడ్స్‌లో ఉన్న మిల్లు 1796లో కాలిపోయింది. కర్రను తీసేసి ఇనుము పెట్టాలన్న పట్టుదల అక్కడ పుట్టింది.

దగ్గరికెళ్లి చూస్తే స్తంభాలు ఆశ్చర్యంగా సన్నం. అడ్డకోతలో కూడిక గుర్తు ఆకారం. మధ్యలో కాస్త లావై పైకీ కిందికీ సన్నబడతాయి. వాటి మీద ఇనుప దూలాలు, దూలాల మధ్య ఇటుక కమానులు. ఇటుక గోడలు ఇంకా కొంత బరువు మోస్తూనే ఉన్నాయి. మొత్తం బరువు చట్రానికే అప్పజెప్పి గోడను అద్దంగా మార్చడానికి ఇంకో నూరేళ్లు పట్టింది. అబట్స్ హౌస్‌లో వడ్రంగులు మాత్రం ఆ పని 1450లలోనే కర్రతో చేసేశారు. ఒకే ఊళ్లో, ఓ మైలు దూరంలో ఈ రెండూ ఉన్నాయి. రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడమని చెప్పేది అందుకే.

1897లో మిల్లును బార్లీ మొలకెత్తించే మాల్టింగ్స్‌గా మార్చి చాలా కిటికీలు మూసేశారు. 1987లో అదీ మూతపడింది. చాలా ఏళ్లు పాడుబడి, బాగుచేశాక 2022లో జనానికి తెరిచారు. మావయ్య ఓ స్తంభానికి వీపు ఆనించి నిలబడి, ఎంత బరువు మోస్తోందని గైడును అడగమన్నారు. బేజ్ ఇనుము బలం గురించి ముందే లెక్కలు కట్టుకుని పోత పోయించాడని ఆవిడ చెప్పింది. "అవతల మొదలు పైకి పెట్టినోడు ఏ లెక్క కట్టాడు?" అన్నారు మావయ్య. ఆవిడకు అనువదించి చెప్పాను. బాగా నవ్వి, అది తండ్రి దగ్గర కొడుకు చూసి నేర్చుకునే లెక్క అంది.

వెళ్లేవాళ్లకు నా మాట: లడ్లో ప్రయాణం సంత రోజున పెట్టుకోండి, ఆదివారం మిల్లుకు ఉంచండి. బచర్ రోకి మాత్రం కొట్లు తెరవకముందే వెళ్లాలి. తొమ్మిది దాటితే సరుకు బండ్లు అడ్డం వచ్చి ఆ కింది కిటికీలు కనిపించవు.